ఫోటోలో లేని గుండిగ

చిక్కబళ్ళాపురం

శుక్రవారం పొద్దున ఏడున్నరకి చిక్కబళ్ళాపురంలో నేనెక్కిన గూడ్స్ ఆటోలో ఉన్నవీ ఉన్నవాళ్ళూ: ఫ్రేములు కట్టిన ఫోటోలు నలభై ఒకటి (నలభై చిన్నవి, ఒకటి నా కంటే పొడుగు), డ్రైవరు నవాజ్, అతను దారిలో ఎవరికో అప్పజెప్పాల్సిన చామంతిపూల మూట, నా కెమెరా, సంచిలో నా సర్టిఫికెట్, నేను. సీటు ఒక్కరికే. పూలమూటకి కిటికీ పక్క దొరికింది. నాకు గేరు పక్క దొరికింది.

రెండేళ్ళ కిందట పెద్ద వానలకి బాగేపల్లి తాలూకాలో, మిట్టేమరి వైపు ఒక ఊరి చెరువు తెల్లవారుజామున తెగింది. రెండు వీధులు కొట్టుకుపోయాయి. ముగ్గురు చనిపోయారు. ఊరి పేరు రాయడం లేదు. రాస్తే మళ్ళీ కార్లేసుకుని చూడ్డానికి వస్తారని ఆ ఊరివాళ్ళే వద్దన్నారు. అప్పటికి నేను బెంగళూరులో ఉద్యోగంలో చేరి ఎనిమిది నెలలు. ఆఫీసు నుంచి తొమ్మిదిమందిమి రెండో రోజు అక్కడికి వెళ్ళాం. మా దగ్గర దుప్పట్లు నూట ఇరవై, కెమెరాలు ఆరు. దుప్పట్లు చాల్లేదు.

ఆ రోజు నేను తీసిన వాటిలో ఒకటి పేరు మోసింది. నడివయసు ఆడమనిషి. చెంపల మీద నీళ్ళు, వంకర తిరిగిన పెదవులు, పైకెత్తిన అరచెయ్యి, వెనకంతా బూడిదరంగు. మా ఆఫీసు పోటీలో దానికి మొదటి బహుమతి వచ్చింది. తర్వాత అది ఫోన్లలో పడి ఊళ్ళు తిరిగింది. ఎవరో దాని కింద 'దేవుణ్ణి నిలదీసిన చెయ్యి' అని రాశారు. ఇంకెవరో క్యాలెండరు అచ్చేశారు. అబద్ధమెందుకు, నాకు గర్వంగానే ఉండేది.

ఈ ఏడు ఆ ఊరివాళ్ళు బడిలో, ఆ వచ్చే ఆదివారానికి, ఫోటోల ప్రదర్శన పెట్టుకున్నారు. పోయిన ముగ్గుర్నీ తలుచుకోవడం, ఊరు మళ్ళీ ఎట్లా లేచిందో చూపించుకోవడం. ఊళ్ళో వాళ్ళ ఫోన్లలోంచి నలభై ఫోటోలు ఏరారు. నలభై ఒకటోది నాది. ఫ్రేములు చిక్కబళ్ళాపురంలో కట్టించారు; వాటిని చేర్చే పని నేనే అడిగి తీసుకున్నాను. పెద్ద ఫోటో పక్కన సర్టిఫికెట్ కూడా తగిలిస్తారేమోనని చిన్న ఆశ. అందుకే సంచిలో పెట్టుకున్నాను. ఇది చదివి నవ్వేవాళ్ళు నవ్వచ్చు. నవ్వాల్సిన భాగాలు ఇంకా ముందున్నాయి.

బాగేపల్లి

మాది గుంటూరు వైపు. మా దగ్గర ఇంటికొచ్చిన మనిషికి సగం గ్లాసు కాఫీ ఇస్తే మూడు తరాలు గుర్తుపెట్టుకుంటారు. ఇక్కడ దాన్ని బై టూ అంటారు: ఒక కాఫీ, రెండు గ్లాసులు. బాగేపల్లి బస్టాండు దగ్గర హోటల్లో నా కోసం కాచుకున్న మేష్ట్రు అదే చెప్పారు. మేష్ట్రు అంటే కన్నడంలో అయ్యవారు. ఊరి బళ్ళో ముప్పై ఏళ్ళు పాఠాలు చెప్పి రిటైరయ్యారు. తరతరాలుగా ఆ ఊరి గుడి పూజ వాళ్ళింటిదే. ప్రదర్శన ఆయన పూనికే. కాఫీ పదిహేను రూపాయలు. తలా ఏడున్నర రూపాయల మర్యాద చేసుకున్నాం.

"ముద్ద తింటావాప్పా?" అన్నారు.

ఆయన తినలేదు, నా చేత తినిపించారు. రాగిముద్ద, పులుసాకు చారు, డెబ్బై రూపాయలు. నేను నమిలాను. పక్క బల్ల మీద ఇద్దరు తినడం ఆపి నన్ను చూశారు.

"నమలకూడదప్పా. చారులో అద్దల్ల, మింగల్ల."

మింగాను. మూడో ముక్కకి గొంతులో లిఫ్టు ఆగిపోయినట్టయింది. సర్వరు అడక్కుండానే మజ్జిగ తెచ్చాడు; నాలాంటివాళ్ళు వారానికి ఒకరైనా వస్తారట.

ఈలోగా ఆటో పైన కట్టిన పెద్ద ఫ్రేము అట్ట గాలికి చినిగి మొహం బయటపడింది. చుట్టూ పదిమంది చేరారు.

"ఏడుపామె!" అన్నాడు ఒకతను.

"అవును, ఏడుపామే," అన్నారు మిగతావాళ్ళు, సినిమా తారని గుర్తుపట్టినట్టు.

నా ఫోటోని బాగేపల్లి మొత్తం గుర్తుపడుతోందని మురిసిపోయాను. ఆ మాట అన్నప్పుడు హోటలామె మాత్రం గడప మీద ఉన్న నీళ్ళ బిందెను లోపలికి జరుపుకుంది. అది చూశాను, అర్థం మాత్రం కాలేదు.

ఊరు

కట్ట కొత్తది, రాళ్ళు పేర్చి గట్టిగా ఉంది. పోయిన రెండు వీధులకి బదులు మెరకమీద ఇరవై ఆరు ఇళ్ళు లేచాయి, అన్నీ ఒకే కొలత, ఒక్కొక్కటి ఒక్కో రంగు. చిలకపచ్చ ఏడు, గులాబి ఐదు, మిగతావి పేరు తెలియని రంగులు. చేలల్లో వేరుశనగ. చెరువులో నీళ్ళు బుద్ధిగా ఉన్నాయి.

'ఇప్పటి ఊరు' అని కొన్ని ఫోటోలు తీద్దామని కెమెరా పైకెత్తాను. వెంటనే ఎదురుగా ఉన్న నలుగురూ ఒక వరసలో నిలబడి, మొహాలు దించి, కుడిచెయ్యి చాపి కట్టవైపు చూపించారు.

"చెయ్యి చూపించక్కర్లేదండీ," అన్నాను.

"చూపించకపోతే ఎట్లప్పా? పరిహార రాదు," అంది ఒక అవ్వ.

పరిహార అంటే నష్టపరిహారం. రెండేళ్ళలో ఆ ఊరికి పేపరువాళ్ళు, ఆఫీసులవాళ్ళు, ఇన్సూరెన్సువాళ్ళు వచ్చి, కూలిన గోడ పక్కన నిలబెట్టి, వేలు చూపించమని తీసిన ఫోటోలకి లెక్కలేదు. ఇప్పుడు కెమెరా చూస్తే వాళ్ళ చెయ్యి దానంతటదే లేస్తుంది. చెయ్యి దించమంటే ఒకాయన నిజంగానే ఇబ్బంది పడ్డాడు.

"దించితే యాడ పెట్టుకోవల్ల దీన్ని?"

ఆ పూట పదిహేడు ఫోటోలు తీశాను. పదిహేనింటిలో వేళ్ళున్నాయి. ఒకదాన్లో గేదె ఉంది. మిగిలినదాన్లో నా సొంత వేలు లెన్సుకి అడ్డం పడింది.

బడి వరండాలో పెద్ద ఫ్రేము గోడకి ఆనించి అట్ట విప్పుతుంటే వెనకనుంచి గొంతు వినపడింది.

"ఇది తీసినోడు నువ్వేనా?"

తిరిగాను. ఫ్రేములోని మొహమే, కాకపోతే పొడిగా ఉంది. పేరు అశ్వత్థమ్మ. నేను నవ్వాను. చెయ్యి సర్టిఫికెట్టున్న సంచి వైపు వెళ్ళింది కూడా.

"నేనేనమ్మా."

"నా గుండిగ యాడ?"

"గుండిగా?"

"నా ముందర ఇంత గుండిగ ఉండె. కింద పొయ్యి ఉండె. ఎడమచేతిలో తెడ్డు ఉండె. ముందర వరసగా జనం కూర్చోనుండ్రి. అంతా యాడికి పోయిరి? నన్నొక్కదాన్ని నిలబెట్టి, ఏడస్తాండాదని రాస్తిరే!"

"ఏడవలేదా అమ్మా?"

"పచ్చి నీలగిరి కట్టెలప్పా అవి, వరదలో నానినవి. ఆ పొగకి కండ్లు పోతాయనుకుంటి."

నేను గొంతు సవరించుకుని, తెలివైన ప్రశ్న అనుకుని ఇంకోటి అడిగాను. "మీ ఇంట్లో కూడా ఒకరు పోయారు కదమ్మా?"

"మా అత్త పోయింది. ఆమె కోసరం నేను నాలుగో దినం ఏడ్చినా, దొడ్లో, ఎవురూ లేనప్పుడు. నువ్వొచ్చింది రెండో దినం. రెండో దినం నాకు ఏడ్చే పొద్దు లేదు, బియ్యం కడగల్ల."

ఫోటో తీసిన గంట, నిమిషం, లెన్సు, షట్టరు వేగం, అన్నీ నా పుస్తకంలో రాసుకున్నాను. ఆమె ఎందుకు ఏడుస్తోందని మాత్రం అడగలేదు. అడగాలని తోచలేదు. ఆ సాయంత్రం గదికి చేరి, గుండిగ కూర్పుని చెడగొడుతోందని, వెనక జనం గందరగోళంగా ఉన్నారని, ఫ్రేములో మూడొంతుల్లో రెండొంతులు కోసేశాను. పుస్తకాల్లో అలాగే చెయ్యమని రాసి ఉంటుంది.

అశ్వత్థమ్మ కోపానికి అసలు కారణం వేరే. ఆ రోజుల్లో పదకొండు దినాలు ఊరంతటికీ ఆమే వండింది. వందమందికి వండటం తనకొచ్చని అప్పుడే తెలిసింది. తర్వాత ఇంకో నలుగురు ఆడవాళ్ళని కూడగట్టి పెళ్ళిళ్ళకి వంట ఒప్పుకోవడం మొదలుపెట్టింది. రెండు నామకరణాలు, ఒక గృహప్రవేశం బాగా జరిగాయి. అప్పుడు క్యాలెండరు వచ్చింది.

"పెండ్లింట్లో మొదట పొయ్యి ముట్టించేది వంటామెప్పా. ఏడుపామె ముట్టిస్తే ఆ ఇల్లు ఏమైపోతాది అంటారు. ఒకరు కాదు, ఆరుమంది వచ్చి చూసి వెనక్కి పోయిరి. ఒకామె నా మొగం చూసి తాంబూలం కూడా తీసుకోలేదు."

హోటలామె బిందె ఎందుకు జరుపుకుందో అప్పుడు తెలిసింది.

"ఇప్పుడు చింతామణి దగ్గర ఒక పెండ్లి ఉండాది. వాళ్ళింకా ఈ ఫోటో చూడలేదు. పెండ్లికొడుకు చిన్నాయన ఆదివారం మాట్లాడేదానికి వస్తాడు. ఈ బడి దాటుకోకుండా మా ఇంటికి దావ లేదు. నువ్వు ఇంతెత్తు నన్ను ఏడిపించి వాకిట్లో నిలబెడతాండావు."

ఫ్రేము తీసేద్దామని నేనన్నాను. మేష్ట్రు ఒప్పుకోలేదు.

"తాలూకా నుంచి పెద్దవాళ్ళు వస్తాండారు. పచ్చ ఇండ్లు, గులాబి ఇండ్లు చూపిస్తే వాళ్ళకేం తెలుస్తాది మేము పడింది? చూసినోడికి కంటనీరు రావల్ల. ఇది తీసేస్తే దీని జాగాలో పెట్టేదానికి ఏముండాది?"

"కొయ్యని ఫోటో పెడదాం సార్. గుండిగతో."

"ఉండాదా నీ దగ్గర?"

లేదు. కార్డుని మా పెదనాన్న కూతురి పెళ్ళికోసం చెరిపేశాను. అయితే ఆ రోజు తిరుగు ప్రయాణంలో కార్డు పాడవుతుందేమోనని చింతామణిలో ఒక స్టూడియోవాళ్ళ కంప్యూటర్లోకి ఎక్కించి కాపీ చేయించిన గుర్తు. వాళ్ళిచ్చిన పెన్‌డ్రైవు నేను పోగొట్టుకున్నాను. వాళ్ళ దగ్గర ఇంకా ఉంటుందా?

"ఆదివారం తొమ్మిది లోపల తే. చూస్తా," అన్నారు మేష్ట్రు. 'చూస్తా' అనే మాటకి ఆయన బళ్ళో ముప్పై ఏళ్ళుగా ఏ అర్థం ఉందో ఊళ్ళో అందరికీ తెలుసట. అశ్వత్థమ్మ ఇంటికి పోయి, పొద్దున బస్సులో తినమని నాకు రెండు ఒబ్బట్లు (మన బొబ్బట్లే) ఆకులో కట్టి పంపింది. తిట్టిన మనిషికి తిండి పెట్టడం ఏ పద్ధతో నాకు తెలియదు. మా వైపు ఒకటి చేస్తే రెండోది చెయ్యరు.

చింతామణి

శనివారం చేలూరు మీదుగా బస్సు. పక్క సీటు పెద్దాయన మొదటి ప్రశ్న "ఊటమయ్యిందా?" అని, అంటే భోంచేశావా అని. మా వైపు మొదటి ప్రశ్న ఏ ఊరు, రెండోది ఎవరి తాలూకు, మూడోది జీతం. ఈయన ఆ మూడూ వదిలేసి, పొద్దున ఏం తిన్నానో, నిన్న రాత్రి ఏం తిన్నానో, ముద్ద మింగానా నమిలానా అని చింతామణి వచ్చేదాకా అడిగాడు. ఒబ్బట్లలో ఒకటి ఆయన తిన్నాడు. "ఎవురు చేసింది? పూర్ణం బాగుండాది," అన్నాడు. చెప్పాను. "అది ఏడుపామె కదా?" అన్నాడు. అని, వేళ్ళు నాక్కోవడం మాత్రం ఆపలేదు.

స్టూడియో చింతపండు మండీల వెనక సందులో ఉంది. యజమాని మంజన్న. గోడనిండా చనిపోయినవాళ్ళ ఫోటోలు, పెద్దవి చేసి, రంగులు వేసి ఉన్నాయి. మగవాళ్ళందరికీ ఒకటే నీలం కోటు. తొమ్మిదిమందిని లెక్కపెట్టాను. బతికుండగా ఒక్కరూ కోటు వేసుకుని ఉండరు.

"రెండేళ్ళ కిందటిదా? ఉంటాదప్పా," అన్నాడు మంజన్న. "నేనేదీ చెరపను. బతికుండగా ఎవురికీ ఫోటో అక్కర్లేదు. పోయినాక పరిగెత్తుకొని వస్తారు, పక్కింటి పెండ్లిలో మా నాయన అన్నం తింటా ఉండె, ఆ ఫోటో ఉండాదా అని."

వెతకడానికి గంటా పది నిమిషాలు పట్టింది. నా పేరు అతనికి తెలియదు. ఫోల్డరుకి 'తడిసిన షూ' అని పేరు పెట్టుకున్నాడు. నాలుగు వందల పన్నెండు ఫోటోలు. మూడు వందల ఆరోది తెరిచాడు.

గుండిగ ఉంది. ఫ్రేములో సగం అదే. దాని కింద నల్లటి దుంగలు, దుంగల్లోంచి లేచిన పొగ సరిగ్గా అశ్వత్థమ్మ మొహానికి తగులుతోంది. ఎడమచేతిలో తెడ్డు. ఎదురుగా బురదమీద పట్టాలు పరుచుకుని జనం. కనపడే తలలు ఇరవై మూడు. దేవుణ్ణి నిలదీసిన చెయ్యి ఎవరివైపు ఎత్తి ఉందో కూడా కనపడింది. ముందు వరసలో బనీను మీద ఎవరిదో పాత తువ్వాలు కప్పుకున్న ఒక పెద్దమనిషి ఆకు పైకెత్తి, నోరు తెరిచి అడుగుతున్నారు. ఆమె చెయ్యి ఆయనకి 'ఉండు' అని చెబుతోంది.

ఆ పెద్దమనిషి మేష్ట్రు.

నేను కుర్చీలో కూర్చున్నాను. మంజన్న బై టూ కాఫీ చెప్పాడు. ఫ్రేము కట్టే టైము లేదు కనుక ఆరడుగుల ఫ్లెక్సు కొట్టిస్తానన్నాడు. నేను భోజనం చేసి వచ్చేసరికి సాయంత్రం నాలుగు. ఫ్లెక్సు పరిచి చూపించాడు.

పొగ లేదు.

"పొగ ఏది మంజన్నా?"

"తీసేసినా! గంట కూర్చుని శుభ్రం చేసినా. ఇప్పుడు చూడు, మొగం ఎంత బాగా తెలుస్తాండాదో, కన్నీళ్ళు ముత్యాల్లెక్క!"

"ఆ పొగ కోసమే వచ్చాను."

మంజన్న కుర్చీ నావైపు తిప్పుకున్నాడు. "ఇరవై రెండేండ్లుగా ఈ అంగడి నడపతాండా. మచ్చ తియ్యమని వచ్చిరి, ముడతలు తియ్యమని వచ్చిరి, పాత మొగుణ్ణి తియ్యమని కూడా ఒకామె వచ్చింది. పొగ పెట్టమని వచ్చినోడివి నువ్వొక్కడివే."

మళ్ళీ కొట్టించాడు. రెండోదానికి డబ్బులు తీసుకోలేదు. మూలన పూలతీగ, తన ఫోను నంబరు మాత్రం వేసుకున్నాడు. పూలు తియ్యమంటే బాధపడేట్టు ఉన్నాడు. వదిలేశాను.

ఆదివారం

ఎనిమిది నలభైకి బడి చేరాను. వరండాలో ముందు వరస ఆ ముగ్గురి ఫోటోలు, దండలు, దీపం. అక్కడ ఎవరూ గట్టిగా మాట్లాడటం లేదు. అశ్వత్థమ్మ అత్త ఫోటో రేషను కార్డులోంచి తీసి పెద్దది చేయించినది; అందులో ముసలామె కళ్ళు చిట్లించి కోపంగా ఉంది.

"ఇంకా మంచిది దొరకలేదా అమ్మా?" అన్నాను.

"ఇదే మంచిది. అట్లనే చూసేది నన్ను," అంది అశ్వత్థమ్మ. కొంగుతో అద్దం తుడిచి, దండ సరిచేసి, ఇటు వచ్చింది.

నేను ఫ్లెక్సు విప్పాను. మేష్ట్రు కళ్ళజోడు పెట్టుకుని దగ్గరికి వచ్చారు. గుండిగ చూశారు. పొగ చూశారు. తర్వాత అందులో ముందు వరసలో కూర్చున్న జనాన్ని చూశారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

ఆయన తడబాటు నాకు కొంచెం ఆలస్యంగా అర్థమైంది. మేష్ట్రువాళ్ళది పూజారుల ఇల్లు; బయటివాళ్ళ చేతి వంట తినరు. నాతో హోటల్లో కాఫీ తప్ప ఏమీ ముట్టలేదు. ఇక్కడ అశ్వత్థమ్మ గుండిగలోది, బురదలో వరసలో కూర్చుని, ఆరడుగుల ఎత్తున తింటున్నారు.

"ఇది పెడితే..." అని ఆగారు. "చుట్టాలు వస్తాండారు. పెద్దవాళ్ళు వస్తాండారు. మూడు దినాలు ఉపవాసముంటినని మా అన్నకి చెప్పింటి."

"మూడు దినాలు కాదు సామీ, మూడు మార్లు," అంది అశ్వత్థమ్మ. "మూడో మారుకే కదా నేను చెయ్యెత్తి ఆపింది. వెనక ఇంకా నలభైమంది ఉండ్రి."

"మా ఇంటామె చూస్తే బతకనీదు."

"ఆమె సంగతి ఉండనీండి సామీ. ఫోటోలో మీ వెనకాల ఎవురుండారో చూడండి."

మేష్ట్రు వంగి చూశారు. ఆయన భుజం వెనక, తలనిండా కొంగు కప్పుకుని, ఆకు ఒళ్ళో పెట్టుకుని, ఆయన భార్య. ఆయన మొహం మొదట ఎర్రబడింది. తర్వాత పొట్ట కదలడం మొదలైంది. ఆయన అట్లా నవ్వడం రెండేళ్ళలో చూడలేదని తర్వాత నలుగురు చెప్పారు.

"మేకులు తేప్పా," అన్నారు.

నా ఫ్రేము తరగతి గదిలో బల్లల వెనక్కి పోయింది. సర్టిఫికెట్ సంచిలోంచి బయటికి రాలేదు.

పదకొండు గంటలకి తెల్లపంచె, చేతిలో హెల్మెట్టుతో ఒకాయన వచ్చాడు. అశ్వత్థమ్మ స్తంభం పక్కకి జరిగింది. ఆయనే పెళ్ళికొడుకు చిన్నాయన. ముగ్గురి ఫోటోల ముందు చెప్పులు విడిచి దణ్ణం పెట్టుకున్నాడు. తర్వాత ఫ్లెక్సు ముందుకు వచ్చి, చేతులు వెనక్కి కట్టుకుని నిలబడ్డాడు. చాలాసేపు నిలబడ్డాడు. నేను గడియారం చూసుకున్నాను కానీ ఎంతసేపో రాసుకోలేదు.

"ఈమె యాల ఏడస్తాండాది?" అన్నాడు చివరికి.

నేను నోరు తెరిచాను. మేష్ట్రు నాకంటే ముందు అందుకున్నారు.

"ఏడుపు కాదప్పా. తడికట్టెల పొగ. ఆ ఎత్తిన చెయ్యి నన్ను ఆపతాండాది. వరస తప్పి మూడో మారు అడిగినా."

చిన్నాయన ఫ్లెక్సులోని మేష్ట్రునీ, ఎదురుగా ఉన్న మేష్ట్రునీ మార్చి మార్చి చూశాడు.

"మీరా సామీ?"

"నేనే."

"బాగుండెనా?"

"ఇల్లు పోయి రెండు దినాలు. గంజి పోసినా తింటా ఉంటి," అన్నారు మేష్ట్రు. "అయినా గంజికి ఎవురన్నా మూడో మారు ఆకు ఎత్తుతారా?"

చిన్నాయన స్తంభం పక్కకి తిరిగాడు. ఆమెను గుర్తుపట్టడానికి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది.

"నువ్వేనామ్మా? తడికట్టెలతో ఇంతమందికి వండితివే. ఎండుకట్టెలిస్తే ఎంతమందికి వండతావు?"

అశ్వత్థమ్మ కొంగు నడుముకి దోపుకుని ముందుకొచ్చింది.

"ముందు నువ్వు ఎన్ని ఆకులు వేస్తావో చెప్పప్పా."

ఆయన వేళ్ళమీద లెక్కపెట్టాడు. ఆడపిల్లవాళ్ళ వైపు, తన వైపు, పిలవకుండా వచ్చేవాళ్ళు. ఒకసారి మరిచిపోయి మళ్ళీ మొదట్నించి పెట్టాడు. అశ్వత్థమ్మ ఆగింది.

మూడు వందల యాభై ఆకులు.